రాజుగారి మెడ మీద గీత

రాజుగారి మెడ మీద గీత మొదట్లో బియ్యపు గింజంత ఉండేది. ఆకురాయితో రెండుసార్లు గీసి, మెరుగురాయితో నాలుగుసార్లు రుద్దితే పోయేది. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఒక పొంగు వచ్చేలోపు రెండు పతకాలు పూర్తయ్యేవి. క్రిస్మస్ నాటికి అవే గింజలు మెత్తగా ఉడికి దిగినా ఒక్క పతకం తెమిలేది కాదు.

ఆ గీత ఎందుకు వస్తోందో మా ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు మా మామయ్య అన్సెల్మో. రెండోదాన్ని నేను.

అంతకుముందు సంవత్సరం పాత రాజు పోయాడన్న కబురు సముద్రం దాటి, కొండలెక్కి మా గనుల ఊరికి వచ్చింది. ఆరు నెలలు ఊరందరి చేతా నల్లబట్టలు కట్టించారు. నల్లరంగు కొనుక్కోలేనివాళ్ళు పొగమసి నీళ్ళలో ముంచుకున్నారు. ఆ తర్వాత దండోరా మారింది. నాలుగో కార్లోస్ రాజయ్యాడు కాబట్టి జనవరి ఇరవై నుంచి మూడు రోజులు పట్టం పండుగ. గని యజమాని దోన్ ఇలారియో రాజుగారి జెండా పట్టుకుని చావడి ముందు వేదికెక్కి, రాజు పేరు మూడుసార్లు అరిచి, కొత్త రాజు బొమ్మ ఉన్న వెండి పతకాలు జనం మీదికి విసరాలి. పతకాలు మూడు వందలు. చేసే పని మా ఇంటికొచ్చింది. నచ్చితే ఊరి వెండి మీద ముద్ర వేసే ఉద్యోగం మామయ్యకే ఇప్పిస్తానని దోన్ ఇలారియో మాటిచ్చాడు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. మా ఆయన ఫెర్మీన్ ఒక్కగానొక్క కొడుకు.

ఉక్కు అచ్చులు రెండూ మెక్సికో నగరంలో చెక్కించి కంచరగాడిద మీద పంపారు. కింది అచ్చులో మా ఊరి కొండ, పై అచ్చులో రాజుగారి తల. కింది అచ్చు చెక్కమొద్దులో బిగించి ఉంటుంది. దాని మీద వెండి బిళ్ళ పెట్టి, ఒకరు పై అచ్చు నిలబెట్టి పట్టుకుంటే ఇంకొకరు సమ్మెటతో కొట్టాలి. పట్టుకారుతో పట్టుకుంటే అచ్చు జరిగి బొమ్మ రెండుసార్లు పడుతుంది. అందుకని తోలుముక్క చుట్టి రెండు చేతులతోనే పట్టుకోవాలి. మా వెండిపనివాళ్ళలో ఒక కట్టుబాటుంది. అచ్చు పట్టేది ఇంటి కొడుకు. సమ్మెట ఎవడైనా కొడతాడు. కాబట్టి ఫెర్మీన్ పట్టుకునేవాడు, మామయ్య కొట్టేవాడు. తిత్తులు ఊదడానికి జైలు నుంచి ఒక ఖైదీని తెచ్చుకున్నారు. అంచులు ఆకురాయితో రాయడం, మెరుగు పెట్టడం నా పని.

డిసెంబరు ఒకటిన వెండిపనివాళ్ళ పునీతుడు సాన్ ఎలీహియో పండుగ. ఆ రోజు సమ్మెట ముట్టుకోరు. ముందు వారం కొట్టిన ముప్పై పతకాలనీ కొట్టిన వరసలోనే కిటికీ గట్టు మీద పేర్చాను. పేర్చాక చూస్తే మొదటిదాని మీద గింజంత ఉన్న గీత ముప్పయ్యోదాని మీద రెండు గింజలంత ఉంది. వెండిలో లోపమైతే ఒక్కోదాని మీద ఒక్కోచోట ఉండాలి. ఇది అన్నింటి మీదా ఒక్కచోటే పుట్టి, ఒక్క వైపుకే పాకుతోంది. మామయ్యని పిలిచాను.

"మామయ్యా, అచ్చు చిట్లుతోంది."

ఆయన భూతద్దం పెట్టి వరసంతా చూశాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"ఫెర్మీన్‌కి?"

"లేదు."

"చెప్పకు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా దోన్ ఇలారియో గారి చెవిన పడుతుంది."

"ఇంకో అచ్చు తెప్పిస్తే?"

"పోను పదహారు రోజులు, రాను పదహారు రోజులు. చెక్కడానికి నెల. రాజుగారి పండుగ మనకోసం ఆగుతుందా అమ్మాయ్?"

"మరి పగిలితే? పట్టుకునేది ఆయన కదా."

మామయ్య భూతద్దం తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "బండి చక్రానికి వేసినట్టు ఇనప పట్టీ ఎర్రగా కాల్చి తొడుగుతాను. చల్లారితే బిగుసుకుంటుంది. ఆగుతుంది."

"ఆగకపోతే?"

"ఆగకపోతే, అక్కడ ఫెర్మీన్ ఉండడులే."

ఆ మాట వినగానే నా గుండె కుదుటపడింది. ఫెర్మీన్ కాకపోతే మరెవరుంటారని నేను అడగలేదు.

మర్నాడు పొద్దున మామయ్య తిత్తుల దగ్గరున్న ఖైదీని పిలిచాడు. "కసియానో, ఇలా రా. ఇవాళ్టి నుంచి అచ్చు నువ్వు పట్టు."

కసియానోకి ఇరవై ఐదేళ్ళుంటాయి. గనిలో పిడికెడు వెండిరాయి జుట్టులో దాచి పైకి తెచ్చాడని రెండేళ్ళు వేశారు. కొత్త రాజు పట్టం రోజున కొందరు ఖైదీలను క్షమించి వదిలేస్తారు. ఆ జాబితాలో అతని పేరు ఎక్కింది. అప్పటిదాకా ఎడమ కాలికి గొలుసు ఉండాల్సిందే. ఆ గొలుసు తిత్తుల దగ్గర స్తంభానికి ఉండేది. ఆ పొద్దున మామయ్య జైలు జవాను చేత తాళం తీయించి, దాన్ని చెక్కమొద్దుకున్న కొక్కేనికి వేయించాడు.

ఫెర్మీన్ ముఖం ఎర్రబడిపోయింది. "నాన్నా! ఖైదీ చేతికా?"

"నీ చెయ్యి వణుకుతోంది. బొమ్మ రెండుసార్లు పడుతోంది."

"ఎక్కడ పడిందో చూపించు!"

"సమ్మెట తీసుకో. మాట్లాడకు."

ఫెర్మీన్ చెయ్యి ఏనాడూ వణకలేదు. గదిలోకొచ్చి నన్నడిగాడు. "నేనేం తప్పు చేశానే? ఊరంతా ఏమనుకుంటుంది, కొడుకు పనికిరాడనా?"

"మామయ్యకి తెలియదా ఏం చెయ్యాలో," అన్నాను, ఆకురాయి మీద వెండిపొడి దులుపుతూ.

ఆ కోపం తండ్రి మీద తీర్చుకోలేక కసియానో మీద తీర్చుకునేవాడు.

"ఏం దొరా, రాజుగారి తలకాయ బరువుగా ఉందా?"

"గనిలో కొండనే మోశాను సామీ. రాజుగారి తల దూదిపింజ."

"కదిలావో, పడేది నీ వేళ్ళ మీదే."

"మీ గురి మీద నాకు నమ్మకం సామీ. నా వేళ్ళకే లేదు."

మామయ్య కూడా నవ్వేవాడు. ఫెర్మీన్ నవ్వేవాడు కాదు. ఇంకా గట్టిగా కొట్టేవాడు.

కసియానో తల్లి తోమాసా చావడి దగ్గర మొక్కజొన్న జావ అమ్మేది. ఖైదీకి తిండి వాళ్ళ ఇంటివాళ్ళే తెచ్చుకోవాలి కనక మధ్యాహ్నం గిన్నె పట్టుకుని మా పెరటి గుమ్మంలోకి వచ్చేది. కొడుకు పని మారిన రోజు నుంచి ఆవిడ నడకే మారిపోయింది.

"విన్నారా చిన్నమ్మగారూ? నా కొడుకు చేతిలో రాజుగారి తల! మొన్నటిదాకా దొంగ తల్లి జావ అని జనం నన్ను దాటుకుని అవతలి గంపకి పోయేవాళ్ళు. ఇవాళ వరసలో నిలబడ్డారు. గిన్నెలు కడగడానికి తీరిక లేదంటే నమ్మండి."

"మంచిదేగా తోమాసా."

"మంచిదేనా? ఎర్ర పావడా కుట్టించుకుంటున్నాను. వాడు బయటికొచ్చే రోజున నల్లది కట్టుకుని ఎదురెళ్ళనా? మామయ్యగారికి చెప్పండి, ఈ ముసల్ది రోజూ ఆయన పేర ఒక దీపం పెడుతోందని."

చెప్పాను. మామయ్య తల ఊపాడు.

క్రిస్మస్ దాటేసరికి గీత చెవి కింద నుంచి భుజం దాకా దిగింది. వెండి మీద దారంలా లేచి కనబడేది. దాన్ని రాసేస్తే మెడ చదునైపోయేది. మళ్ళీ మెరుగురాయితో గుండ్రం తేవాలి. నా కుడి బొటనవేలు కాయ కాసింది. ఎంత గీత అరగదీశానో దాన్నిబట్టి లోపల అచ్చు ఎంత చీలిందో నాకు రోజూ సాయంత్రానికి ఖాయంగా తెలిసేది. మామయ్య తొడిగిన పట్టీ పట్టుకునే ఉంది. మామయ్య నా పళ్ళెం వంక చూసేవాడు, నా వంక చూసేవాడు కాదు.

ఒకరోజు కొట్టిన పతకాలు తీసుకోవడానికి పళ్ళెంతో వెళ్ళాను. మామయ్య, ఫెర్మీన్ బయట బొగ్గు దింపించుకుంటున్నారు. కసియానో చేతులకు చుట్టిన తోలు విప్పుకుని వేళ్ళు సాగదీసుకుంటున్నాడు.

"అమ్మగారూ, ఒక మాట అడగనా? రాజుగారి మెడ మీద రోజూ ఏం తోముతారు?"

"మట్టి," అన్నాను.

"అంత మట్టా! అయితే ఆయన మా గనివాడే." నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను సరిగ్గా పట్టుకోవట్లేదేమోనని భయమేసింది. నావల్ల కాదు కదా?"

"నీవల్ల కాదు," అన్నాను. పళ్ళెం తీసుకుని వచ్చేశాను.

జనవరి పద్దెనిమిది మధ్యాహ్నం వంటింట్లో మిరపకాయలు నూరుతున్నాను. సమ్మెట దెబ్బ నాకు అలవాటైన చప్పుడు. నేల అదిరి పొత్రం కింద తెలిసేది. ఆ ఒక్క దెబ్బ మాత్రం కుండ పగిలినట్టు వినబడింది. వెంటనే గొలుసు ఒక్కసారి బిగిసిన చప్పుడు. ఆ తర్వాత ఇంకేమీ లేదు.

వెళ్ళేసరికి కసియానో గొలుసు సాగినంత దూరం వెనక్కి పోయి పడి ఉన్నాడు. కుడిచేతి వేళ్ళు రెండు లేవు. ఉక్కుముక్క చంకలో దిగి కనపడకుండా పోయింది. ఫెర్మీన్ సమ్మెట పట్టుకునే నిలబడి, "నేను సరిగ్గానే కొట్టాను, సరిగ్గానే కొట్టాను," అంటున్నాడు. మామయ్య వంగి ముందు అచ్చు ముక్కలు ఏరాడు. తర్వాత ఆ దెబ్బకి పడిన పతకం తీసి వెలుతురులో చూశాడు. ఆ తర్వాతే కసియానో దగ్గరికి వెళ్ళాడు. గొలుసు తాళంచెవి జైలు జవాను దగ్గరుంది. వాడొచ్చేదాకా నేను నా భుజాల మీది దుప్పటి చించి చంకలో కుక్కి పట్టుకున్నాను. కసియానో కళ్ళు తెరిచే ఉన్నాయి. "పతకం బాగా పడిందా అమ్మగారూ?" అన్నాడు.

సాయంత్రం దోన్ ఇలారియో వచ్చాడు.

"ఎన్ని అయ్యాయి?"

"రెండు వందల ఎనభై ఎనిమిది దొరా."

"చాలు. విసిరేటప్పుడు ఎవడు లెక్కపెడతాడు." బొగ్గుల గది గుమ్మంలోంచి తొంగిచూశాడు. కసియానోని అక్కడే చాప మీద పడుకోబెట్టారు. "వీడు బతుకుతాడా?"

మంగలి వైద్యుడు తల అడ్డంగా ఊపాడు.

"దండోరా విన్నారుగా అన్సెల్మో? ఎల్లుండి నుంచి మూడు రోజులు నల్లబట్ట కనపడకూడదు, చావుగంట మోగకూడదు, ఏడుపు వినపడకూడదు. రాజుగారి పట్టానికి అపశకునం. అందులోనూ పతకం పనిచేసినవాడు. పోతే ఇవాళో రేపో పోవాలి, లేదా నాలుగో రోజు దాకా ఆగాలి."

"అలాగే దొరా," అన్నాడు మామయ్య, కసియానో తరఫున కూడా ఒప్పుకుంటున్నట్టు.

మర్నాడు తోమాసా గిన్నెతో వచ్చింది. మామయ్య చెప్పమన్నదే చెప్పాను. "చివరి రోజు పని, ఎవర్నీ లోపలికి రానివ్వడం లేదు. రేపు ఎలాగూ వస్తాడుగా."

"వస్తాడు, వస్తాడు. ఇది ఇచ్చెయ్యండి. మొక్కజొన్న ముద్దల్లో మాంసం పెట్టి ఆకుల్లో చుట్టాను. వాడికి ప్రాణం." గిన్నె కోసం గుమ్మంలోనే కూచుంది. నేను లోపలికి వెళ్ళి అవన్నీ పెరట్లో పందికి వేసి, గిన్నె కడిగి తెచ్చిచ్చాను.

గిన్నెలోకి చూసి మురిసిపోయింది. "ఒక్కటీ మిగల్చలేదే! ఆకలి మీదున్నాడన్నమాట, దొంగవెధవ."

ఇరవయ్యో తారీకు తెల్లారుతుండగా కసియానో పోయాడు. వీధిలో అప్పటికే బాజాలు మొదలయ్యాయి. మామయ్య బొగ్గుల గదికి తాళం వేసి నన్ను పిలిచాడు. "నువ్వెళ్ళి ఆవిడ పక్కనే నిలబడు. జాబితా చదివేటప్పుడు గోల చెయ్యకుండా చూడు."

"పేరు తీసెయ్యమనండి మామయ్యా."

"సంతకాలయ్యి లక్క వేసిన జాబితా. రాజుగారి పేర ఇచ్చిన క్షమాభిక్ష. తీసెయ్యడానికి మనమెవరం?"

పచ్చ పావడా కట్టుకుని వెళ్ళాను. చావడి ముందు ఇసకేస్తే రాలనంత జనం. పట్టుతెర లాగితే రాజుగారి పటం బయటపడింది. దోన్ ఇలారియో జెండా ఎత్తి మూడుసార్లు పేరు అరిచాడు. తర్వాత వెండిపళ్ళెంలో చెయ్యి ముంచి విసరడం మొదలెట్టాడు. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. నా కాళ్ళ దగ్గర ఒకావిడ ఇంకొకావిడ మణికట్టు కొరికి పతకం లాక్కుంది. తోమాసా వంగనైనా వంగలేదు. ఎర్ర పావడాలో మునివేళ్ళ మీద నిలబడి జైలు తలుపు వంకే చూస్తోంది. ఒక పతకం ఆవిడ భుజానికి తగిలి కింద పడితే ఎవరో ఏరుకున్నారు.

జాబితా చదివారు. ఒక్కో పేరుకీ ఒక్కో మనిషి వెలుతురుకి కళ్ళు చిట్లించుకుంటూ బయటికొచ్చాడు. ఎనిమిది మంది వచ్చారు. తొమ్మిదో పేరు కసియానోది.

తలుపులోంచి ఎవరూ రాలేదు. రాతగాడు మళ్ళీ పిలిచాడు.

"ఉన్నాడు బాబూ, ఉన్నాడు!" తోమాసా చెయ్యెత్తి అరిచింది. "వెండిపనివాళ్ళింట్లో ఉన్నాడు! ఈ పతకాలన్నీ వాడి చేతి మీదుగా వచ్చినవే!"

జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. రాతగాడు కూడా నవ్వి, పేరు పక్కన గీత కొట్టాడు. కసియానో విడుదలైపోయాడు.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "రా తోమాసా. ఇంటికి పోదాం."

బొగ్గుల గది తలుపు తీసినప్పుడు ఆవిడ నోరు తెరిచింది. కేక బయటికి రాకముందే మామయ్య అరచెయ్యి అడ్డం పెట్టాడు. "మూడు రోజులు. ఒక్క అరుపు వినపడిందా, నిన్ను తీసుకెళ్ళి జైల్లో వేస్తారు, వీడిని గంట లేకుండా గోతిలో పారేస్తారు. మూడు రోజులు ఓర్చుకో. తర్వాత నేనే గంట కొట్టిస్తాను, పాదిరీని పిలిపిస్తాను."

ఆవిడ మా వంటింట్లో ఆ ఎర్ర పావడాతోనే కూచుంది. నల్లబట్ట కట్టనివ్వలేదు.  నేను రొట్టె పెడితే చేతిలో పట్టుకునేది, చల్లారాక కింద పెట్టేది.

మూడో రోజు మధ్యాహ్నం చావడి దగ్గర ఎద్దుల్ని వదిలారు. జనం కేకలు కిటికీలోంచి వస్తున్నాయి. తోమాసా మొదటిసారి నోరు విప్పింది.

"వాడు చేసింది ఒకటి చూపించు తల్లీ."

ఆఖరి దెబ్బకి పడిన పతకం ఉంది. దానికి నేను ఆకురాయి తగిలించలేదు. ఇచ్చాను. ఆవిడ దాని మీద బొటనవేలు నడిపించింది. చెవి కింద ఆగింది. భుజం దాకా వచ్చింది. అంచుదాకా వెళ్ళింది.

"ఇదేంటి?"

మట్టి అనొచ్చు. కానీ చెప్పేశాను. ఆ గీత ఏమిటో, ఎప్పుడు మొదలైందో, ఎవరికి చెప్పానో, అప్పుడు అచ్చు ఎవరి చేతిలో ఉందో, మర్నాడు ఎవరి చేతికి వెళ్ళిందో. మంచితనంతో చెప్పలేదు. ఒక్కదాన్నే మొయ్యలేక ఆవిడ నెత్తిన కూడా పెట్టాను.

అంతా విని అడిగింది. "నా కొడుక్కి చెప్పావా?"

"అడిగాడు. మట్టి అన్నాను."

ఆవిడ పతకం నేల మీద పెట్టింది. "మొగుడి కోసం చేశావు."

"అవును."

"నేనైనా అంతే చేసేదాన్ని. నాకు తెలిసుంటే అక్కడ నీ మొగుణ్ణే నిలబెట్టేదాన్ని."

అప్పుడు చూశాను, గుమ్మంలో ఫెర్మీన్ ఉన్నాడు. నీళ్ళకొచ్చాడు. టోపీకి పండుగ రిబ్బను.

"అచ్చు చిట్లిందని నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"నాన్నకీ తెలుసా?"

"తెలుసు."

"నేను కొడుతుంటే తెలిసే ఊరుకున్నారా?"

నేను నేల మీది పతకం తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను.

"వాడు నా చోట నిలబడ్డాడని కోపంతో కొట్టాను బ్రిహీదా," అన్నాడు. "నెలన్నర రోజులు, ప్రతి దెబ్బా కోపంతోనే కొట్టాను."

బయట ఎద్దు ఎవర్నో కుమ్మినట్టుంది, జనం హోరుమన్నారు. ఫెర్మీన్ నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు పొద్దున గంట మోగింది. మామయ్య మాట తప్పలేదు, పాదిరీని కూడా పిలిపించాడు. గంట మోగినా తోమాసా ఏడవలేదు. పాడె దగ్గరికి మా ఇంట్లో ఎవర్నీ రానివ్వలేదు. గనివాళ్ళు నలుగురు మోసుకెళ్ళారు.

మామయ్యకి ఉద్యోగం వచ్చింది. పదకొండేళ్ళు చేసి పోయాడు. ఆ పదకొండేళ్ళూ కొడుకు ఆయన ఎదురుగా కూచుని తిన్నాడు కానీ ఒక్క మాట మాట్లాడలేదు.

ఇప్పుడు మాకు రాజుల్లేరు. రాజుల్ని వదిలించుకున్న యుద్ధం రోజుల్లో ఆ పతకాలు చాలావరకు కరిగిపోయాయి. అక్కడక్కడా ఒకటి మిగిలితే అపురూపమని వెతుక్కుంటూ వస్తున్నారు. మొన్న వచ్చినాయన చెప్పాడు, ఈ ఊరి పతకంలో రాజుగారి మెడ చదునుగా ఉంటుందట, చెక్కినవాడికి పని రాదట. అలాగా అన్నాను.

ఫెర్మీన్‌కి అరవై దాటాయి. చేతులు రెండూ చక్కగా ఉన్నాయి, ఇప్పటికీ వణకవు. వాటితో వెండి కొడతాడు, కట్టెలు చీలుస్తాడు, పక్కింటి పిల్లల్ని ఎత్తుకుంటాడు. మాకు పిల్లల్లేరు. నేను పళ్ళెం అందిస్తే అందుకోడు. కింద పెట్టేదాకా ఆగుతాడు.